చెఱువు గుణదోషములు – ఇంజనీరు ఆలోచన: ఒక చారిత్రక పరిశీలనము

కోలారు, బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాము మొదలగు చోట్ల తరతరములుగ నివసించుచున్న తెలుగువారి బిడ్డలు నేడు పెక్కండ్రు ఇంజనీరింగు కళాశాలలలో చదువుచున్నారు. ఆ కళాశాలలలో వారికి తఱచుగ వినబడు మాట యొకటి కలదు. చిరకాలము నిలుచునట్టివి, నేలను నీటిని పాడు చేయనట్టివి, రాబోవు తరమువారి వాటాను హరింపనట్టివి యగు వస్తువులను, కట్టడములను ఊహింపవలెనని గురువులు వారికి బోధించుచున్నారు. దీనినే సుస్థిర రూపకల్పన యనుచున్నారు. నేటి అవసరములను తీర్చుకొనుటలో రేపటివారి అవసరములకు భంగము కలుగరాదని బ్రంట్‌లాండ్ సంఘము 1987లో తన నివేదికయందు చెప్పినది మొదలు ఈ భావము దేశదేశముల పాఠ్యక్రమములలోనికి ప్రవేశించినది.

మాట క్రొత్తది. భావము క్రొత్తది కాదు. అయితే ప్రాచీనులకు సమస్తము తెలియునని చెప్పి సంతృప్తి పడుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. అట్టి పొగడ్తవలన విద్యార్థికి ప్రయోజనము లేదు. విద్యార్థి యొక నిర్మాణమును ఊహించునపుడు అతని బుద్ధి ఏ దారిన పోవును, ఎచ్చట చిక్కుకొనును, పూర్వపు నిర్మాతలు ఆ చిక్కును ఏ ప్రశ్నలచే దాటిరి అనునదియే ఇచటి విచారణ. ఇందుకు చెఱువును ఉదాహరణముగ గైకొనుచున్నాను. ఏలయన, తెలుగువారు ఏ సీమకు వెళ్ళినను చెఱువుతో వారికి సంబంధము తెగలేదు.

విద్యార్థి బుద్ధి చిక్కుకొను చోట్లు

మొదట నేటి పరిశోధకులు కనుగొన్న సంగతులు మూడింటిని చెప్పెదను.

1991లో జాన్సన్, స్మిత్ అను ఇద్దఱు అమెరికా పరిశోధకులు ఇంజనీరింగు విద్యార్థులకు కొన్ని చిన్న సమస్యల నిచ్చిరి. ఒలకని కాఫీ పాత్రను ఊహించుట వానిలో నొకటి. కొందఱికి సమస్యతో పాటు ఒక నమూనా చిత్రమును గూడ చూపిరి. నమూనా చూచినవారు దాని లక్షణములనే తమ చిత్రములలో మరల మరల వేసిరి. దానిలోని లోపములు సైతము వారి చిత్రములలోనికి దిగినవి. పీల్చుగొట్టము వాడరాదని స్పష్టముగ చెప్పినను, నమూనాలో గొట్టముండుటచే పలువురు గొట్టమునే వేసిరి. కన్ను చూచిన రూపమును బుద్ధి విడువలేకపోయినది.

1999లో ఆట్మన్ మొదలగువారు ప్రకటించిన మఱియొక పరిశీలనములో, పిల్లల ఆటస్థలమును రూపొందింపుమని మొదటి సంవత్సరపు విద్యార్థులను, చివరి సంవత్సరపు విద్యార్థులను అడిగి, వారు ఆలోచించుచు పైకి పలికిన మాటలను వ్రాసికొనిరి. చివరి సంవత్సరపువారు ఎక్కువ సమాచారము నడిగిరి, ఎక్కువ మార్గములను తలపోసిరి. విద్య ముదిరినకొలది ప్రశ్నలు పెరుగునని దీనివలన గ్రహింపవలెను.

మూడవది 2021లో 'నేచర్' పత్రికలో వెలువడినది. వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు బొమ్మ ఇటుకలతో చిన్న మండపమును కట్టి, దాని కప్పును గట్టిపఱుపుమని కొందఱిని కోరిరి. కప్పు ఒక మూల ఒకే ఇటుకపై నిలిచి యుండెను. ఆ ఇటుకను తీసివేసినచో కప్పు క్రిందికి దిగి స్థిరపడును. క్రొత్త ఇటుక చేర్చినచో ఖర్చు కలదు. అయినను పలువురికి ఇటుకలు చేర్చుటయే తోచినది. తీసివేయుటకు ఖర్చు లేదని జ్ఞాపకము చేసినపుడు మాత్రము తీసివేయువారి సంఖ్య పెరిగినది.

ఈ మూడింటి సారమిది: బుద్ధి మొదట వస్తువును పట్టుకొనును, చూచిన రూపమును అనుకరించును, ఏదో ఒకటి చేర్చనిదే పని జరిగినట్లు తలపదు. సుస్థిర రూపకల్పనకు ఈ మూడును విఘ్నములే. అనవసరమైన వస్తువును కట్టకుండుట, ఉన్నదానిని నిలుపుకొనుట, పాత లోపమును క్రొత్త పనిలోనికి రానీయకుండుట — ఇవియే గదా దాని ప్రాణము.

పోరుమామిళ్ళ శాసనము

కడప సీమలోని పోరుమామిళ్ళలో భైరవాలయము ఎదుట రెండు రాతిపలకలపై ఒక శాసనము కలదు. భాష సంస్కృతము, లిపి తెలుగు. శక సంవత్సరము 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. బుక్కరాయల కుమారుడును, ఉదయగిరి రాజ్యమును పాలించినవాడును అగు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమను చెఱువును కట్టించిన వృత్తాంతము ఇందు చెప్పబడినది. దినమునకు వేయిమంది పనివారును, రాతికట్టు కొఱకు నూఱు బండ్లును పనిచేయగా రెండేండ్లలో కట్టడము పూర్తి యయ్యెనని శాసనము తెలుపుచున్నది. ఆ చెఱువు నేటికిని కలదు. వి.ఎస్. సుక్తంకర్ పండితుడు ఈ శాసనమును పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించెను.

ఈ శాసనమునకు గల ప్రత్యేకత దానము చేసినవాని ప్రశంసవలన వచ్చినది కాదు. చెఱువు కట్టుటకు కావలసిన సాధనములు పండ్రెండు, వర్జింపవలసిన దోషములు ఆఱు అని అందు లెక్కించి చెప్పబడినది. సాధనములు ఇవి: ధర్మవంతుడును ధనవంతుడును కీర్తికాముడును అగు రాజు, జలశాస్త్రము నెఱిగిన పండితుడు, గట్టి బంకమట్టి గల నేల, మూడు యోజనముల దూరమునుండి తీయని నీరు తెచ్చు ఏఱు, చెఱువు నానుకొని యున్న కొండ, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు గాక దృఢమైన రాతికట్ట, వెలుపలి పంటభూమికి దూరముగ నున్న రెండు కొనలు, విశాలమును లోతును గల గర్భము, పొడవైన తిన్నని రాళ్ళు దొరకు గని, సమీపమున చదునైన సారవంతపు పొలములు, వేగముగ సుడి తిరుగుచు నీరు పాఱు తూములు, కట్టుబడిలో ఆరితేఱిన పనివారి సమూహము.

దోషములు: కట్టనుండి నీరు ఊరుట, చవుటి నేల, రెండు రాజ్యముల ఎల్లయందుండుట, చెఱువు గర్భము నడుమ తాబేటి వీపువలె మెట్ట యుండుట, నీరు స్వల్పమై ఆయకట్టు అధికమగుట, నీరు అధికమై స్థలము స్వల్పమగుట.

ఈ పట్టికను ఒకసారి వర్గీకరించి చూచినచో ఒక విశేషము బయటపడును. పండ్రెండు సాధనములలో కట్టడపు రూపమునకు సంబంధించినవి మూడే: కట్ట, కొనలు, తూములు. మనుష్యులకు సంబంధించినవి మూడు: రాజు, పండితుడు, పనివారు. మిగిలిన ఆఱును ప్రదేశమునకు సంబంధించినవి: నేల, ఏఱు, కొండ, గర్భము, గని, పొలము. అనగా చెఱువును ఊహించువాడు తన ఆలోచనలో నాల్గింట మూడు పాళ్ళు కట్టపై గాక కట్ట చుట్టును ఉన్న లోకముపై నిలుపవలెనని ఈ క్రమము చెప్పుచున్నది. వస్తువును ముందుగా పట్టుకొను బుద్ధికి ఇంతకంటె మంచి విరుగుడు లేదు. రాళ్ళ గని సమీపమున నుండవలెనను నియమమును చూడుడు. దూరమునుండి సామగ్రిని తెచ్చుట ఎంత భారమో నేడు ఇంధనపు లెక్కలు కట్టి విద్యార్థులు నేర్చుకొనుచున్నారు. నాడు ఎద్దుల బండి నడకయే ఆ లెక్కను నేర్పినది.

దోషముల పట్టిక మఱింత లోతైనది. ఆఱింటిలో చివరి రెండును ఒకే విషయమును రెండు వైపులనుండి చెప్పుచున్నవి. నీటికిని నేలకును పొంతన కుదురవలెను. నీరు చాలనిచోట పెద్ద ఆయకట్టును ఆశించుటయు దోషమే, నీరు పొంగిపొరలుచోట ఇఱుకు స్థలమును చూపుటయు దోషమే. పెద్దది మంచిదను భ్రమకు ఇచట తావు లేదు. రెండు రాజ్యముల ఎల్ల యను మూడవ దోషము రాతికిని మట్టికిని సంబంధింపనిది. కట్ట ఎంత గట్టిదైనను, దానిని ఎవరు బాగుచేయవలెనో తేలనిచో అది నిలువదు. రాష్ట్రముల సరిహద్దులలో నివసించు మనకు ఈ దోషమును వేఱుగ వివరింప బనిలేదు.

తెలుగు బోధించువానికి ఈ పద్ధతి పరిచితమైనదే. మన అలంకార శాస్త్రము కావ్యమునకు గుణములను, దోషములను వేఱువేఱుగ లెక్కించినది. గుణములను మాత్రమే తెలిసినవాడు మంచి పద్యమును చూచి దానివంటి పద్యమునే వ్రాయుటకు యత్నించును. దోషములను గూడ తెలిసినవాడు తన పద్యమును తానే పరీక్షించుకొనగలడు. నమూనాలోని లోపమును గుర్తింపక దానినే తిరిగి చిత్రించిన విద్యార్థులకు కొఱవడినది ఈ దోషజ్ఞానమే యని నా అభిప్రాయము.

పండ్రెండవ సాధనము

సాధనములలో చివరిది పనివారి సమూహము. ఈ సంచిక చదువరులకు ఇది దూరపు విషయము కాదు. మట్టిపని, రాతిపని వృత్తిగా గల వడ్డెరలు చెఱువులును బావులును త్రవ్వుచు దక్షిణాపథమంతటను వ్యాపించిరి. కర్ణాటకములో భోవులనియు, తమిళనాట ఒడ్డరులనియు, మహారాష్ట్రములో వడారులనియు వారిని పిలుచుచున్నారు. పేరు మాఱినను వారిలో పెక్కుమంది ఇంటిభాషలో తెలుగు పలుకుబడి నిలిచి యున్నది. పలుగు, పార, తట్ట పట్టి వారు చేసిన పని శాసనములలో రాజుల పేర్లు మోయుచున్నది. మనము మన చరిత్రను వ్రాసికొనునపుడు దండనాయకులను, కవులను, వర్తకులను స్మరించుట ఎంత యుక్తమో, వీరిని స్మరించుటయు అంత యుక్తము.

కట్టుట ఒకయెత్తు, నిలుపుట ఒకయెత్తు. చెఱువును కట్టినవారికి, బాగుచేయువారికి దశబంధ మాన్యములుండెను. కన్నడ దేశములో వీనిని కట్టుకొడగె యనిరి. తూము తెఱచి వంతు ప్రకారము పొలములకు నీరు వదలుటకు నీరుగంటి యుండెను. అనగా పూడిక తీయుటకు, గండి పూడ్చుటకు, నీరు పంచుటకు వలయు ఏర్పాటు చెఱువుతో పాటే ఊహింపబడెడిది. పదవ ఏట ఎవరు బాగుచేయుదురను ప్రశ్న మొదటి దినముననే అడుగబడినది. ఈ ఏర్పాటులో హెచ్చుతగ్గులు లేకపోలేదు. క్రింది కులములవారు త్రవ్విన చెఱువునీరు వారికే సమానముగ అందని ఊళ్ళు కలవు. ఆ అన్యాయమును మఱచి పాతకాలమును కొనియాడరాదు.

అనుకరణము వేఱు, గ్రహణము వేఱు

పూర్వపు పనిని చూచి నేర్చుకొనుట మంచిదా చెడ్డదా యను సందేహము ఇచట కలుగును. నమూనా చూచినవారు దానికి బందీలైరని పైన చెప్పితిని. దీనికి సమాధానము కావేరిపై కలదు.

కరికాల చోళునిదిగ ప్రసిద్ధి గన్న కల్లణై యను ఆనకట్ట కావేరి ఇసుకలో నిలిచినది. 1830ల దశాబ్దములో తంజావూరు సీమలో పనిచేసిన ఆర్థర్ కాటన్ దానిని శ్రద్ధతో పరిశీలించెను. అడుగు తెలియని వదులు ఇసుకపై పునాదిని నిలుపు ఉపాయమును ఆ పాత కట్టడమునుండియే తాము నేర్చితిమని అతడు తర్వాత వ్రాసెను. ఇసుకలో వేసిన బరువైన రాళ్ళు కొంతవఱకు దిగి, అచ్చట నెమ్మదిగ కుదురుకొనుననునది ఆ ఉపాయము. 1847లో ప్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టకు ఇసుకపై నిర్మించు ఈ జ్ఞానము ఆధారమయ్యెను. అందు వీణెం వీరన్న వంటి తెలుగు ఉద్యోగులును, వేలకొలది కూలీలును పాలుగొనిరి. కాటన్ కల్లణై యొక్క వంకర రూపమును గోదావరికి తేలేదు. అది ఎందుకు నిలిచినదో ఆ కారణమును తెచ్చెను. రూపమును తెచ్చుట అనుకరణము, కారణమును తెచ్చుట గ్రహణము. విద్యార్థికి ఈ భేదము తెలిసినచో పాత నమూనా సంకెల కాదు, సాధనమగును.

ఆ కాలముననే మఱియొక మార్పు జరిగినది. చెన్నపట్టణములో 1794లో సర్వే పాఠశాలగా మొదలైన సంస్థ 1859లో ఇంజనీరింగు కళాశాలయయ్యెను. రూర్కీలో 1847లోను, పూనాలో 1854లోను ఇంజనీరింగు విద్య మొదలైనది. అంతవఱకు కట్టపై నేర్చిన విద్య గదిలోనికి వచ్చినది. గణితము, బలముల లెక్క, పటలేఖనము వచ్చి విద్య బలపడినది. అయితే నేలను త్రొక్కక, ఊరివారిని అడుగక, బల్లపైననే కట్టడమును ఊహించు అలవాటునకును అప్పుడే బీజము పడినది.

మోక్షగుండము నుండి ముద్దేనహళ్ళి వఱకు

కళాశాలలో చదివినను ప్రదేశమును మఱువని ఇంజనీరునకు ఉదాహరణము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వులు మోక్షగుండము నుండి వెళ్ళి మైసూరు సీమలో స్థిరపడిన తెలుగువారు. నాడు కోలారు జిల్లాలోనిదైన ముద్దేనహళ్ళిలో వారు జన్మించి, బెంగుళూరులో చదివి, 1883లో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు పరీక్షను ప్రథమ స్థానములో ఉత్తీర్ణులై, 1884లో బొంబాయి రాష్ట్ర ఉద్యోగమున చేరిరి.

పూనా వద్ద ఖడక్‌వాస్లా జలాశయములో నీరు చాలలేదు. కట్ట ఎత్తును పెంచుట అందఱికిని తోచు మార్గము. విశ్వేశ్వరయ్యగారు నీరు ఎక్కడ వృథా యగుచున్నదని చూచిరి. వరదకాలమున మిగులు నీరు అలుగుపై పొర్లి పోవుచుండెను. కట్టను పెంచకుండ, అలుగుపై తమంత తామే తెఱచుకొని మూసికొను తలుపులను వారు కల్పించి 1903లో అమర్చిరి. నీరు హద్దు మీఱినపుడు తలుపులు లేచును, తగ్గగనే మూసికొనును. ఇచటను ఒక వస్తువు చేర్చబడినది నిజమే. కాని మహాకట్టడమును చేర్చవలసినచోట చిన్న తలుపుతో పని ముగిసినది.

నీరా కాలువక్రింద వారు ప్రతిపాదించిన మండలముల సేద్యము దీనికంటెను గమనింపదగినది. అందు కట్టుటకు ఏమియు లేదు. కాలువనీటిని కొన్ని గ్రామములే అధికముగ వాడుకొని నేలను చిత్తడి చేసికొనకుండ, పంటలను వంతులవారీగ మార్చుచు, పెక్కు గ్రామములకు పంచు పద్ధతి యది. నీటికిని నేలకును పొంతన యుండవలెనన్న పోరుమామిళ్ళ దోషవిచారమే ఇచట పంపిణీ నియమముగ పరిణమించినది. ఆ శాసనమును వారు చదివిరని నేను చెప్పుటలేదు. సరియైన ప్రశ్న నడిగినవారు కాలభేదము లేక ఒకే చోటికి చేరుదురని మాత్రమే నా మనవి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొనినది. మఱుసటి ఏట సలహా కొఱకు పిలువబడిన విశ్వేశ్వరయ్యగారు నగరములోని గట్లను మాత్రమే చూడక నదిని ఎగువవఱకును పరిశీలించి, అచ్చట జలాశయములు నిర్మింపవలెనని సూచించిరి. 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము పూర్తియైనవి. ప్రాణములు తీసిన నీరే త్రాగునీరయ్యెను.

ఏడవ దోషము

పూర్వుల పట్టిక సంపూర్ణమా యన్నచో, కాదు. ఆఱు దోషములలో మలినజలము లేదు. 1369లో ఆ భయము లేదు. నేడు అదియే పెద్ద భయము. బెంగుళూరులో ధర్మాంబుధి చెఱువున్నచోట బస్సులు నిలుచుచున్నవి. సంపంగి చెఱువున్నచోట క్రీడారంగము కలదు. మిగిలినవానిలో పెక్కింటికి నగరపు మురుగునీరే ఏఱైనది. 2018లో బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు జిల్లా చెఱువులకు ఎత్తిపోయుట మొదలైనది. ఎండిన చెఱువులు నిండినవి, భూగర్భజలము పెరిగినది. అదే ఏడు నీటిపై నురుగు కనబడగా, శుద్ధి చాలునా యను వివాదము న్యాయస్థానములకెక్కినది. లాభమును నిజమే, భయమును నిజమే. ఇట్టి సమస్యకు పాత పట్టికలో సిద్ధమైన సమాధానము లేదు. పట్టికను పెంచు బాధ్యత నేటి విద్యార్థిది.

నేను పనిచేయు పాఠశాలలో పై తరగతి పిల్లలను ఊరి చెఱువును బాగుచేయుటకు ఏమి చేయవలెనో వ్రాయుమంటిని. ఉద్యానవనము, పడవలు, రంగుదీపములు, నడుమ విగ్రహము — ఇవి వ్రాసిరి. మఱునాడు ప్రశ్నను మార్చి, చెఱువునకు గల దోషములను వ్రాయుమంటిని. ఎవరి వీథి మురుగు అందు కలియుచున్నది, ఏ కాలువ మూసికొనిపోయినది, తూము తాళము ఎవరియొద్ద నున్నది అని వ్రాసిరి. పిల్లలు వారే. ప్రశ్న మాఱగానే కన్ను మాఱినది. దీపములను కోరిన బాలికయే కాలువపై వేసిన రాళ్ళను తీసివేసిన చాలునని వ్రాసినది.

మాట పోయినచో ప్రశ్న పోవును

కట్ట, తూము, అలుగు, మరవ, మత్తడి, గండి, పూడిక, ఆయకట్టు, వంతు — ఇవి కేవలము పదములు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నను దాచుకొని యున్నది. అలుగు అనగానే మిగులు నీరు ఎటు పోవునను ప్రశ్న, పూడిక అనగానే ఎవరు తీయుదురను ప్రశ్న, వంతు అనగానే ఎవరికి ఎంతయను ప్రశ్న పుట్టును. మన తూము కన్నడమున తూబు, తమిళమున తూంబు. మన అలుగును కన్నడిగులు కోడి యనియు, తమిళులు కలింగు అనియు అందురు. ఎల్లలలో నివసించు మన పిల్లలు ఈ మాటలను రెండు భాషలలోను వినగల భాగ్యవంతులు. కాని చెఱువును చూడక, పేరును వినక పెరిగిన బాలుడు కళాశాలలో చేరి జలాశయమును ఊహించునపుడు, నమూనా చిత్రము తప్ప అతనికి ఆధారముండదు.

2021 నుండి ప్రాంతీయభాషలలో ఇంజనీరింగు బోధించుటకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి నిచ్చినది. వానిలో తెలుగును కలదు. అనుమతి యున్నంత మాత్రమున భాషకు శక్తి రాదు. పనివారి నోటనున్న మాటలు పుస్తకములకెక్కిననే వచ్చును. ఆ మాటలు నేడు వృద్ధుల నోటనే యున్నవి.

కావున మన సంఘములకు నా విన్నపము రెండు విషయములు. ప్రతి శాఖయు తన ప్రాంతపు చెఱువొక్కటి చొప్పున ఎన్నుకొని, దానిని కట్టినదెవరు, నీరు పంచినదెవరు, ఏ భాగమునకు ఏ పేరు అను వివరములను నీరుగంటులను, వడ్డెర పెద్దలను, వృద్ధ రైతులను అడిగి వ్రాయించవలెను. రెండవది, మన ఇంజనీరింగు విద్యార్థులను ఆ చెఱువు కట్టపైకి తీసికొనిపోయి, క్రొత్తగా ఏమి కట్టవలెనని గాక, దీని దోషములేవి యని మొదట అడుగవలెను. ఆఱు దోషములు భాస్కర భవదూరుని కాలమువారు చెప్పి యున్నారు. ఏడవదియు, ఎనిమిదవదియు మన బిడ్డలు చెప్పవలెను.